చీటీలో ప్రశ్న నాది

విద్యాధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రశ్న అడిగిన నేరానికి నా మనవరాలి హాల్‌టికెట్టు ఆపివేయుట, అడిగినది నేనే అగుట గురించి.

నన్ను పేటలో కంచు మామ్మ అంటారు. గొంతును బట్టి వచ్చిన పేరు. వయసు డెబ్బై దాటింది. లాడ్జి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వటం నా పని. ఇంట్లో ఉండేది నేనూ, పదో తరగతి చదివే నా కూతురి కూతురూ. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే తమ ఆఫీసు మెట్ల మీద అర్జీలు రాసే ఆయన రాస్తున్నాడు.

1. బడికి నర్సమ్మ వచ్చి ఎయిడ్స్ గురించి పాఠం చెప్పినదనియు, ఒక అట్టపెట్టె పెట్టి, "పేరు రాయక్కర్లేదు, ఏ అనుమానమున్నా చీటీ రాసి వెయ్యండి, ఇంట్లో పెద్దవాళ్లు అడిగినా సరే" అన్నదనియు నా మనవరాలు వచ్చి చెప్పినది. మా ఇంట్లో పెద్దదాన్ని నేనే. నేను చెప్పాను, అది రాసింది. చీటీలో ఉన్నది ఇది: "కట్టుకున్నవాడే కండోమ్ వద్దంటే ఆడది ఏం చెయ్యాలి? ఏ మాట చెప్పి ఒప్పించాలి?"

2. పెట్టె తెరిచే రోజుకు నర్సమ్మ రాలేదు. హెడ్మాస్టరుగారే తెరిచి, జవాబులు చెప్పుటకు బదులు చేతిరాతలు పట్టుకొనుటకు పూనుకొన్నారు. మగపిల్లలవి అనిపించిన చీటీలు చదివి నవ్వుకొని పారవేసినారు. ఆడపిల్లలవి అనిపించిన చీటీలు మాత్రం నోటుపుస్తకాలు తెప్పించి పోల్చినారు. నా మనవరాలు దొరికిపోయినది. క్షమాపణ పత్రం రాసి ఇస్తే గాని హాల్‌టికెట్టు ఇవ్వనన్నారు. పరీక్షలు వచ్చే సోమవారం.

3. నేను బడికి వెళ్లాను. అక్కడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయిస్తున్నాను.

"ఏంటమ్మా ఈ రాత? ఆడపిల్ల రాసేదేనా ఇది?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"రాత దానిది. అడిగింది నేను బాబూ."

"ఈ వయసులో మీకెందుకండీ ఈ సంగతులు?"

"దానికేమో ఇంకా వయసు రాలేదు, నాకేమో దాటిపోయింది. మరి ఏ వయసులో అడగాలో ఆ నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. అప్పుడే వస్తాం."

"పెద్దవారని ఊరుకుంటున్నాను. కాస్త సిగ్గుండాలి."

"లాడ్జి దుప్పట్లు ఉతికేదాన్ని, నాకా సిగ్గు నేర్పేది? జవాబు తెలిస్తే చెప్పండి. తెలీకపోతే తెలీదనండి. మధ్యలో పిల్ల నోరెందుకు కుట్టేస్తారు?"

ప్యూనును పిలిచి నన్ను బయటికి పంపించినారు.

4. ఈ ప్రశ్న నాకెందుకని తమరూ అడగవచ్చు. నా కూతురికి ఆ జబ్బు మొగుడి దగ్గరే అంటుకుంది. అతని తిరుగుళ్లు దానికి తెలుసు. జాగ్రత్త పడమని అడిగితే "నామీదే అనుమానమా?" అన్నాడట. ఆ మాటకు ఎదురుమాట దానికి దొరకలేదు. మందులు మొదలుపెట్టేసరికి చెయ్యి దాటిపోయింది, పిల్ల దక్కలేదు. మనవరాలికి పరీక్ష చేయించాను, జబ్బు లేదు. ఉన్నా ఇదే అర్జీ పెట్టేదాన్ని. ఇంకా గట్టిగా పెట్టేదాన్ని.

5. ఇప్పుడు ఇంట్లో "ఏమైనా అనుమానముంటే అడగవే" అంటే, "నాకేం అనుమానాల్లేవు అమ్మమ్మా" అని అటు తిరిగి పడుకుంటోంది. దాని తల్లీ అచ్చం ఇలాగే అనేది. పాఠం చెప్పించింది ఇందుకేనా?

కావున క్షమాపణ మా ఇంటి నుంచి రాదు. హాల్‌టికెట్టు శనివారం లోపల ఇప్పించవలెను. స్టోరురూములో పడేసిన పెట్టెను మళ్లీ పెట్టించి, నర్సమ్మ చేతనే తెరిపించవలెను. ఆ చీటీకి ఆడపిల్లలు, మగపిల్లలు అందరి ముందూ జవాబు చెప్పించవలెను. చేతిరాతను బట్టే నేరమైతే ఈ అర్జీ రాసినాయన్ని పట్టుకుంటారేమో. ఆయన్ని వదిలేసి నన్ను పిలవండి. ఏదీ జరగకపోతే సోమవారం పరీక్ష గేటు దగ్గర నిలబడి ఇదే ప్రశ్న అడుగుతాను. మైకు అక్కర్లేదు.

దయ చూపమని కాదు, పని జరిపించమని అడుగుతున్నట్టు చిత్తగించవలెను.

"తమ విధేయురాలు" అని రాయవద్దన్నాను. అది లేకపోతే అర్జీ చెల్లదన్నాడు. అందుచేత, చెల్లటానికి మాత్రమే,

తమ విధేయురాలు
కంచు మామ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
లాడ్జి మేనేజరు (సంతకం)
పక్కింటి టైలరు భార్య (సంతకం)

తా.క.: రాసింది చదివి వినిపించమంటే ఈయన ఆ ప్రశ్న దగ్గర గొంతు తగ్గించి, "పెద్దమ్మా, ఇంతకీ జవాబేంటి?" అన్నాడు. నాకు తెలిస్తే ఈ మెట్లెక్కుతానా? ఈయనకూ ఇద్దరు ఆడపిల్లలట. జవాబు రెండు ప్రతులు పంపండి.