పై పొరలో నాన్న

అమ్మకు,

నీ పెద్దది నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాన్నా నేనూ బాగానే ఉన్నాం. పిన్ని కాలు కుదుటపడుతోందనీ, కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తోందనీ రాశావు. మనసు తేలికపడింది. డాక్టరు ఇంకో నెల జాగ్రత్త అన్నాడంటే నెలా ఉండే రా. మా కోసం హడావుడి పడకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. నాన్న బీపీ మాత్ర రోజూ నా ఎదురుగానే వేసుకుంటున్నాడు. వంటింట్లో కొళాయి కారడం ఆగింది, స్నానాలగదిలోది మొదలైంది. బీరువా తాళం నా దగ్గరే భద్రంగా ఉంది. నేను ఇస్త్రీ లేని బట్టలతో పనికి వెళ్తున్నానని నీకు ఎవరు చేరవేశారో గానీ, అది నిజమే.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని వయొలిన్లు ఎలా పుట్టిస్తానో పిన్ని అడిగిందన్నావు. ఇది చదివి వినిపించు. ఎక్కడో ఒక పెద్ద హాల్లో అరవైమంది వాద్యగాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో స్వరం విడివిడిగా వాయింపించి రికార్డు చేసి దాస్తారు. వాటిని శాంపిల్స్ అంటాం. నేను కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే ఆ అరవైమందీ ఒక్కసారిగా పలుకుతారు. చిక్కల్లా ఆ ఒక్కసారిగా పలకడంలోనే ఉంది. మనుషులు అలా పలకరు. ఒకరు వెంట్రుకవాసి ముందుంటారు, ఇంకొకరు వెనకబడతారు. ఒకరి శ్రుతి రవ్వంత పైకి, ఒకరిది కిందికి ఉంటుంది. అందుకని నేను పొరలు పేరుస్తాను. అడుగున అరవైమంది పొర, బరువు కోసం. దాని మీద పదిమంది చిన్న బృందం పొర, కమాను తీగను తాకినప్పటి గరుకు కోసం. రెండిటినీ కాస్త ఎడంగా జరిపి, కాస్త శ్రుతి తేడా పెట్టి, గట్టిదనం మెత్తదనం చేత్తో చక్రం తిప్పుతూ ఎక్కించి దించుతాను. ఇంత చేసినా కొన్నిచోట్ల అందులో ఊపిరి ఉండదు. అక్కడ అన్నిటికంటే పైన నిజం వయొలిన్ ఒక్కటి పలచగా పరిస్తే, చెవి దాన్ని పట్టుకుని కిందనున్న వాళ్లందరినీ నిజమేనని నమ్మేస్తుంది.

నేను పనిచేసిన ఈ సినిమాలో చివర ఒక మూడు నిమిషాల సంగీతం ఉంది. ఒకామె ఇల్లు ఖాళీ చేసి తాళం చెవి ఎదురింట్లో ఇచ్చి వెళ్లిపోతుంది. మాటలేమీ లేవు, అంతా తీగలే. నేను పేర్చింది విని మా సంగీత దర్శకుడు గారు ప్లాస్టిక్ పువ్వుల్లా ఉన్నాయన్నారు. పైన వాయించడానికి ఎవరినైనా పిలిపించుకోమన్నారు.

నాన్నను స్టూడియో వాళ్లు పిలిచి నాలుగేళ్లయిందని నీకు తెలుసు. కుడిచేతి వణుకు మొదలయ్యాక ఆయన వయొలిన్ పెట్టె దుమ్ము తుడవడానికే తీసేవాడు. దీనికి వాయిస్తావా అని నేను అడిగితే, వెళ్లి గోళ్లు కత్తిరించుకున్నాడు. ఆ తరవాత మూడు వారాలు పొద్దునే కిటికీ మూసుకుని సాధన చేశాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం మా స్టూడియోలో చిన్న గదికి తీసుకెళ్లాను. ఒక్కసారి వాయిస్తే చాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఒక్కడు వాయిస్తే ఒక్కడే వినబడతాడు తల్లీ. వరస కావాలంటే వరసనే కూర్చోబెట్టాలి."

ఆరు కుర్చీలు వేయించాడు. ఒక్కోసారి ఒక్కో కుర్చీలో కూర్చుని, పాత రోజుల్లో ఆ స్థానంలో కూర్చున్న మనిషిలా వాయించాడు. నువ్వుంటే నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకునేదానివి. మొదటి కుర్చీలో తొందర బాబాయి, అందరికంటే ముందే అందుకుంటూ. రెండో కుర్చీలో బరువు మామయ్య, కమానుతో తీగను కోస్తున్నట్టు. మూడో దాంట్లో నత్త మాస్టారు, పాట అయిపోయాక కూడా ఇంకొంచెం లాగుతూ. కూర్చున్న తీరు కూడా మార్చేశాడు, మెడ వాల్చడం, మోచెయ్యి ఎత్తడం, అన్నీ. కుర్చీకీ కుర్చీకీ మధ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఇప్పుడు ఫలానా ఆయన అని నాకు చెప్పి మొదలుపెట్టేవాడు.

ఆరోది ఆయన సొంత కుర్చీ, అన్నిటికంటే వెనక, గోడ వైపుది. అక్కడ నాన్న నాన్నలాగే వాయించాడు. పొడుగు స్వరం మొదలయ్యే చోట చెయ్యి వణికింది. ఇంకోసారి అన్నాడు. మళ్లీ వణికింది. మూడోసారీ అంతే. ఆ వణుకే బాగుంది నాన్నా, అందులోనే ప్రాణముంది అన్నాను. అప్పుడు నేను నిజంగానే అలా అనుకున్నాను.

"బాగుందంటావా?" అని అడిగి, కమాను బిగువు సడలించి పెట్టెలో పెట్టేశాడు.

ఆ ఆరు కుర్చీలనూ నా పొరల మీద రెండు రోజులు కూర్చి ఇంటికి తెచ్చి వినిపించాను. నాన్న నీకు పంపిన రికార్డింగు అదే. ఆయన వయొలిన్ ఎంత తేటగా వినబడుతోందో అని నువ్వు రాసిన ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుని పెట్టెలో దాచుకున్నాడు. సినిమా మీ ఊరికి రాగానే పిన్నిని కర్రతో సహా తీసుకెళ్తానని కూడా రాశావు. అందుకే నెలన్నరగా కడుపులో పెట్టుకున్నది ఇక నీకు చెప్పాలి.

నాన్న వాయించింది సినిమాలో లేదమ్మా.

పొరలన్నీ కలిపే మిక్సింగ్ రోజు గదిలో మా సంగీత దర్శకుడు గారు, నిర్మాత తరపు మనుషులు ఇద్దరు ఉన్నారు. పైన ఏదో వణుకుతోందే అన్నారు దర్శకుడు గారు. కాస్త తగ్గించమన్నారు. తగ్గించాను. ఇంకాస్త అన్నారు. ఆరు కుర్చీల శబ్దాన్నీ పెంచి తగ్గించేది ఒకే మీట, ఆ మీట మీద ఉన్నది నా వేలే. మూడు నాలుగుసార్లు అలా అయ్యాక, ఇప్పుడు శుభ్రంగా ఉంది అన్నారు. చూస్తే మీట అట్టడుగున ఉంది. నిర్మాత మనుషులు కూడా తలలూపారు.

అప్పుడు ఆయన తిరిగి నన్ను అడిగారు. "ఇంతకీ పైన వాయించింది ఎవరమ్మా?"

"తెలిసిన పెద్దాయన ఒకరు సార్" అన్నాను.

మా నాన్న అనలేదమ్మా. చెబితే జాలిపడి ఉంచుతారేమో, అలా ఉండటం నాన్నకు చిన్నతనం అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆ గదిలో, ఆ ముగ్గురి ముందు, ఆ వణుకు నాదేనన్నట్టు నాకు సిగ్గేసింది. అంతే.

సినిమా వచ్చింది. నువ్వొచ్చాక అందరం కలిసి వెళ్దామని నాన్నను ఆపబోయాను. ఆయన ఒక్కడే మధ్యాహ్నం ఆటకు వెళ్లొచ్చాడు. హాల్లో స్పీకర్లు బాగాలేవన్నాడు, పై స్థాయి అసలు రావడం లేదన్నాడు. నాలుగు రోజులాగి ఇంకో హాలుకు వెళ్లాడు. అక్కడ సీటు మరీ వెనక దొరికిందన్నాడు. మూడో హాల్లో పక్కవాళ్లు మాటలు ఆపలేదట. వచ్చిన ప్రతిసారీ చెప్పేద్దామని ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. భోజనం పెట్టనా అని అడిగి లోపలికొచ్చాను.

మూడో హాలు తరవాత సంగీత దర్శకుడు గారి దగ్గరికి వెళ్లి, ఆ పై పొర మళ్లీ పెట్టడానికి వీలవుతుందా అని అడిగాను. ఎందుకన్నారు. వాయించింది మా నాన్న అని అప్పుడు చెప్పాను. ఆయన కోపం లేకుండానే, "అప్పుడే చెప్పాల్సింది కదమ్మా. ఇప్పుడది మన చేతిలో లేదు" అన్నారు. కుర్చీ చూపించి టీ తెప్పించారు. తాగకుండా లేచొచ్చేశాను.

ఈరోజు నాన్న నాలుగో హాలుకు, ఉదయం ఆటకు వెళ్లాడు. అది ఊరి చివర, రెండు బస్సులు మారాలి. వెళ్తూ గుమ్మంలో ఆగి, మీ అమ్మకు ఉత్తరం రాస్తున్నావు కదా, అక్కడి హాల్లో ఎలా వినబడిందో చూసి వెంటనే రాయమను అన్నాడు. ఆ మాట విన్నాకే ఇదంతా రాయడానికి కూర్చున్నాను. చూసొచ్చి ఆయనకు ఏం రాస్తావో నాకు తెలియదు. ఇలా రాయి అని నేను చెప్పలేను. ఆ హక్కు నాకు లేదు.

ఇక్కడిదాకా రాసేసరికి నాన్న వచ్చాడు. మిగతాది ఆయన పడుకున్నాక కాసేపాగి రాస్తున్నాను. ఇంకా సాయంత్రం ఆరే, తిరిగిన అలసటకు నడుం వాల్చాడు.

చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లిచ్చాను.

"ఈ హాలు బాగుందమ్మా. వినబడింది" అన్నాడు.

"ఏ చోట నాన్నా?"

"అదే, తాళం ఇచ్చే చోట." గ్లాసు వంక చూస్తూ అన్నాడు. "ఇక తిరగక్కర్లేదు. మీ అమ్మకు కూడా రాసెయ్యి."

లేనిది ఎలా వినబడుతుందమ్మా? నిజంగానే విన్నాననుకున్నాడో, అంతా అర్థమై నన్ను నిలదీయకుండా వదిలేశాడో నేను తేల్చుకోలేకపోతున్నాను. అడిగే ధైర్యమూ లేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికొచ్చేశాను.

ఆయన రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. నాన్నకు వినబడిందట.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి