పంచదార లేని గుమ్మడి కేక్

సెప్టెంబర్ 24, బుధవారం

ఆఫీసులో ఇది ‘ఫాల్’ అట. అమెరికా క్లయింట్ ఊళ్లో ఆకులు రాలుతున్నాయి కాబట్టి మాకూ ఫాల్. బయట చూస్తే కొత్తగూడ ఫ్లైఓవర్ కింద వాన నీళ్లు. గుమ్మడికాయతో హెల్దీ బేక్ పోటీ అని హెచ్ఆర్ మెయిల్ పెట్టింది. నో మైదా, నో షుగర్. నా టీమ్‌లో సౌజన్య పేరిచ్చింది. పోయినసారి ప్రమోషన్ తనకే వచ్చింది. నేనూ పేరిచ్చేశాను.

సెప్టెంబర్ 27, శనివారం

రైతుబజార్‌లో బతుకమ్మ కోసం గుమ్మడి పూలు కొనేవాళ్ల మధ్య నేనొక్కదాన్నే కాయ కొన్నాను. ఉడికించి గుజ్జు చేసి, గోధుమపిండి, ఖర్జూరం, పెరుగు, దాల్చినచెక్క కలిపాను. కేక్ పొంగలేదు. పైన అట్ట, లోపల పచ్చి పిండి. ఉదయ్ ఒక్క ముక్క కొరికి నీళ్లు తాగాడు. మొగుడే తినలేనిది ఆఫీసుకి ఏం పట్టుకెళతాను?

అత్తయ్య మాత్రం తన ముక్క మొత్తం తిన్నారు. షుగర్ వచ్చాక ఇంట్లో తన కోసమని ఒక తీపి చేయడం ఇదే మొదటిసారి అన్నారు. బాగుందా అని అడిగితే, “బాగుందనే అనుకుందాం అమ్మాయ్” అని నవ్వారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

మళ్లీ చేశాను. పంచదార వేశాను, నిండా ఒక కప్పు. ఉదయ్ షటిల్‌కి వెళ్లాడు. అత్తయ్య కింద బతుకమ్మ దగ్గర ఉన్నారు. ఎలా వస్తుందో చూద్దామని, అంతే.

బాగా పొంగింది. ఇల్లంతా వాసన. ఉదయ్ వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకుని, పంచదార లేకుండానే ఇలా వచ్చిందా అని అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఖర్జూరం ఎక్కువ వేశానన్నాను. అప్పటికే అత్తయ్య లోపలికి వస్తున్నారు. ఉదయే కోసి ఇచ్చాడు. ఆవిడ కళ్లు మూసుకుని తిన్నారు.

ప్లేట్ లాక్కుని ఉండాల్సింది.

అక్టోబర్ 8, బుధవారం

ఫస్ట్ ప్రైజ్. మైక్ ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. మా అత్తయ్యకి డయాబెటిస్ అని, ఆవిడ కోసమే ఈ రెసిపీ కనిపెట్టానని చెప్పాను. నా నోటితో నేనే. చప్పట్లు కొట్టారు. సౌజన్య తెచ్చిన రాగి గుమ్మడి బార్‌లో నిజంగానే పంచదార లేదు. ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు.

తర్వాత తనే నా సీటు దగ్గరికొచ్చి రెసిపీ అడిగింది. వాళ్ల నాన్నకి కూడా షుగరట. పంపించాను, పంచదార రాయకుండా. ఆ కేక్ వాళ్లింట్లో ఎలా వస్తుందో నాకు తెలుసు.

అక్టోబర్ 12, ఆదివారం

ఉదయ్ ఫ్యామిలీ గ్రూప్‌లో కేక్ ఫోటో పెట్టాడు. ‘అమ్మ తినగలిగే స్వీట్, మా వాసంతి స్పెషల్.’ ఇప్పుడు వారం పొడుగునా డబ్బా ఖాళీ కాకూడదు. అత్తయ్యకి పొద్దున ఒక ముక్క, సాయంత్రం టీతో ఒకటి. ఎదురు ఫ్లాట్ పుణ్యవతిగారితో నా గురించే చెప్పుకుంటున్నారు. “గిసొంటి కోడలు దొరకాలె పద్మక్కా” అని ఆవిడ అనడం వంటింట్లోకి వినిపించింది.

ఈసారి పంచదార తగ్గిద్దామనుకున్నాను. తగ్గిస్తే రుచి మారుతుంది. మారితే అడుగుతారు. తగ్గించలేదు.

అక్టోబర్ 25, శనివారం

అత్తయ్య షుగర్ మూడొందలు దాటింది. దీపావళికి ఎవరింట్లో ఏం తిన్నావని ఉదయ్ అడిగాడు. ఏమీ తినలేదన్నారు. నమ్మలేదు. తలుపు తీసి, ఎదురుగా కనబడిన పుణ్యవతిగారినే అడిగేశాడు, అమ్మకి మీరేమైనా పెడుతున్నారా అని. ఆవిడ ముఖం ఎర్రబడింది. “నేనెందుకు పెడ్త బిడ్డా? ఆమెకు షుగర్ ఉన్నదని నాకెర్క లేదా?” అని తలుపేసుకున్నారు.

అక్కడితో ఆగలేదు. అత్తయ్య హ్యాండ్‌బ్యాగ్ సోఫా మీద బోర్లించాడు. ఒక రుమాలు, కళ్లజోడు, ఎండు ఉసిరి ముక్కల పొట్లం. అంతే. ఆ వయసు మనిషి నిలబడి కొడుకు వెతకడం చూస్తున్నారు. “దేవుడి మీద ఒట్టు రా. నేనేమీ తినలేదు” అన్నారు. వాసంతి నీ కోసం ఇంత కష్టపడి చేస్తుంటే నువ్విలాగా అమ్మా, అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. చేతికి గుమ్మడి పిండి.

అక్టోబర్ 26, ఆదివారం

చెప్పలేదు.

నవంబర్ 8, శనివారం

మాత్రలు పెంచినా లాభం లేదని డాక్టర్ ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఎలా పొడవాలో నర్సు నాకే నేర్పింది. పొట్ట దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టుకోవాలి. అత్తయ్య పళ్లు బిగించి ఓర్చుకున్నారు, పని అయ్యాక నా చెయ్యి తేలికని మెచ్చుకున్నారు.

పుణ్యవతిగారు మా తలుపు తట్టడం మానేశారు. అత్తయ్య సాయంత్రాలు బాల్కనీలో ఒక్కరే కూర్చుంటున్నారు. పక్కన కేక్ ప్లేట్.

నవంబర్ 14, శుక్రవారం

ఓవెన్ కాలిపోయిందని చెప్పాను. ఏమీ కాలేదు, ప్లగ్ తీశానంతే. ఇక కేక్ లేదు. షుగర్ దానంతటదే దిగుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చాలా రోజుల తర్వాత తేలిగ్గా అనిపించింది. సిగ్గులేనిదాన్ని.

నవంబర్ 19, బుధవారం

వర్క్ ఫ్రమ్ హోమ్. పొద్దున ఇంజెక్షన్ ఇచ్చి, ఇడ్లీ పెట్టి, కాల్‌లో కూర్చున్నాను. హాల్లో గ్లాసు పడిన చప్పుడు. వెళ్లి చూస్తే అత్తయ్య సోఫాలో ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, “ఎవరూ?” అన్నారు.

మీటర్‌లో యాభై కూడా లేదు. పంచదార నీళ్లలో కలిపి చెంచాతో పట్టాను. సగం మెడ మీదుగా కారిపోయింది. మింగండి అత్తయ్యా, మింగండి అని అరుస్తున్నాను. మింగారు. కాసేపటికి నా పేరు పలికారు. అప్పటికి నా ఫోన్ అందుకుని ఉదయ్ ఆఫీసు నుంచి వచ్చేశాడు, కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

ఇంత డౌన్ ఎందుకయిందో డాక్టర్‌కి అర్థం కాలేదు. రోజూ తినే తీపి ఏదైనా హఠాత్తుగా మానేశారా అని అడిగారు. మా ఇంట్లో తీపే లేదని ఉదయ్ చెబుతున్నాడు. ఆ కేక్‌లో పంచదార ఉందన్నాను. అన్నింట్లోనా అని డాక్టర్ అడిగితే, అన్నింట్లోనూ అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. పాత డోసు కేక్‌తో కలిపి వచ్చిన లెక్క అని, కేక్ ఆగినా డోసు ఆగలేదని చెప్పి, కాగితం మీద కొట్టేసి తగ్గించి రాశారు. ఉదయ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మంచం మీద అత్తయ్య మెలకువగానే ఉన్నారు.

నవంబర్ 21, శుక్రవారం

ఇంటికి తీసుకొచ్చాం. ఉదయ్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆవిడ కొడుకు తల నిమిరారు. నాతో మాట్లాడటం లేదు ఉదయ్.

మధ్యాహ్నం నేనే వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. తిట్టండి అన్నాను. “పంచదార సంగతి వదిలెయ్ అమ్మాయ్. తినే నోరు నాది, నాకూ తెలిసి ఉండాల్సింది. నేను దేవుడి మీద ఒట్టు వేసినప్పుడు నువ్వక్కడే ఉన్నావు” అన్నారు.

నవంబర్ 23, ఆదివారం

పుణ్యవతిగారి తలుపు కొట్టాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. “నాకెందుకు చెప్తున్నవ్? గామెకు చెప్పినవా?” అన్నారు. చెప్పానన్నాను. నా పక్కనుంచే మా ఇంట్లోకి వెళ్లి, అత్తయ్య గది తలుపు దగ్గరగా వేశారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఒకసారి నవ్వు మాత్రం వినిపించింది.

సౌజన్యకీ, హెచ్ఆర్‌కీ రాసి పంపాను. సౌజన్య చదివింది.

నవంబర్ 30, ఆదివారం

అత్తయ్య గుమ్మడికాయ పులుసు అడిగారు. వడ్డించాక చెయ్యి పెట్టలేదు. ఏమేం వేశావన్నారు. గుమ్మడికాయ, చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పోపు. బెల్లం వేయలేదు.

ఒక ముద్ద తిన్నారు.

“ఉప్పు చెప్పలేదు.”

వేశానండి అన్నాను.

“వేస్తే చెప్పు.”

చెప్పాను. మళ్లీ మొదటి నుంచి.