జెండా పైనే ఉంది

పద్ధెనిమిది వందల అరవై ఒకటి ఫిబ్రవరిలో, నది సముద్రంలో కలిసేచోట ఓడలు లంగరు వేసే కింగ్‌రోడ్‌లో, నా పడవ నడిపే బావమరిది ఏమస్ పడ్డీ నాకొక మాట ఇచ్చాడు. "ఓడని నువ్వు బయటికి తీసుకుపో బావా. లండీ దీవి చాటున నేనుంటా. ఆకాశం ఊడిపడినా నిన్ను దింపుకోకుండా ఇంటికి రాను" అన్నాడు. ఆ మాట తప్పాడని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊరంతటికీ చెబుతున్నాను. ఈ వీలునామా ముఖ్యంగా ఆ సంగతి కోసం రాస్తున్నాను. ఆస్తుల పంపకం దారిలో ఎదురైనప్పుడు చూసుకుంటాను.

పిల్ గ్రామ నివాసి జోథమ్ వౌల్స్ అనే నేను, వయసు డెబ్బై ఒకటి, బ్రిస్టల్ రేవుకు వచ్చిపోయే ఓడలకు ముప్పై ఎనిమిదేళ్ళు దారి చూపిన పైలటుని, నడుము కింద చచ్చుబడినా నడుము పైన చెక్కుచెదరని మనిషినై, ఎవరి బెదిరింపూ బుజ్జగింపూ లేకుండా రాస్తున్న కడపటి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను. అవి మర్యాద కోసం రాసినవి.

ఒకటి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత చెప్పులు కుట్టే తోబియాస్ గేజ్‌కు అప్పగిస్తున్నాను. ఈ ఊళ్ళో నేను చదివిన పుస్తకాలు చదివినవాడు అతనొక్కడే. నా రోము చరిత్ర మొదటి, మూడో సంపుటాలు అతనికి. రెండోది పాస్టరు పిన్నక్ గారి దగ్గర పదకొండేళ్ళుగా ఉంది. అడిగినప్పుడల్లా "ఇంకా పూర్తి కాలేదు సోదరా" అంటారు. ఆ రెండో సంపుటాన్ని సర్వహక్కులతో ఆయనకే దఖలు పరుస్తున్నాను. మొదలు, చివర తెలియకుండా ఆయన దాన్ని చదువుకుంటూ ఉండాలి. మిగతా రెండూ ఆయనకు అరువివ్వకూడదని గేజ్‌కు ఆజ్ఞ.

రెండు. నా కొడుకు రూబెన్‌కు వాతావరణం కొలిచే గాజు గొట్టం. వాడు రైల్వేలో గుమాస్తా. వాన వస్తే గొడుగు తీస్తాడు, అంతకుమించి వాడికి ఆకాశంతో పని లేదు. అయినా అది గోడ మీద ఉండాలి.

మూడు. నా ఖననానికి సంబంధించిన పాటలూ ప్రార్థనలూ మీ ఇష్టం. కానీ ఈ గదికి ఉన్నవి మలుపు మెట్లు. ఈ మంచం ముక్కలుగా పైకొచ్చింది, నేనూ దాదాపు అలాగే వచ్చాను. శవపెట్టె ఆ మలుపు తిరగదు. చలిగాలి వస్తోందని నా కోడలు కిటికీకి మేకులు కొట్టించింది. గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో తెలియకుండా రెండేళ్ళుగా పడుకుని ఉన్నాను. ఆ మేకులు పీకి, చట్రం ఊడదీసి, నన్ను కప్పీ మీద కిందికి దింపాలి. ముడి రూబెన్ వేయకూడదు. ఏమస్ వేయాలి.

నాలుగు. ఇక అసలు సంగతి. పిల్ పైలట్లకు ఇది చెప్పక్కర్లేదు, నా కోడలి కోసం చెబుతున్నాను. పైలటు ఓడ మీద ఉన్నంతసేపూ స్తంభం మీద అతని జెండా ఎగరాలి. అతను దిగిపోగానే దించాలి. లండీ చాటున మన పడవలు నాలుగైదు ఎప్పుడూ తిరుగుతుంటాయి. ఎవరి పైలటుని ఎవరు దింపుకున్నా ఇంటికి చేరుస్తారు. కాబట్టి జెండా దించిన ఓడ వెనక ఎవరూ వెళ్ళరు. మనవాణ్ణి అప్పటికే వేరే పడవ దింపుకుందని అర్థం.

ఆ రోజు బార్బడోస్ వెళ్ళే ఓడను తీసుకుపోతున్నాను. పెద్ద సముద్రం, తూర్పు గాలి. ఓడ కెప్టెన్ డన్నింగ్ "దీవికి ఇంకా అరగంట ఉంది, కింద వేడి మాంసం ఉంది, రావయ్యా" అన్నాడు. నేను దిగాను. ఓడ ఇంకా నా చేతిలో ఉండగా, నేను డెక్కు వదిలి, కింద కూర్చుని మటన్ తిన్నాను. పైకి వచ్చేసరికి ఏమస్ నడిపే నా పడవ వెనుదిరిగి అరమైలు దూరం వెళ్ళిపోయింది. అరిచాను. గాలి నా వైపే తిప్పికొట్టింది. తలెత్తి చూస్తే స్తంభం మీద నా జెండా లేదు.

డన్నింగ్ తరవాత ఓడ నడిపే అధికారి జ్వరంతో పడి ఉన్నాడు. ఓడ నడపడం తెలిసిన మనిషి ఇంకొకడు కావలసి వచ్చి, నేను తింటుండగా జెండా దింపించాడు. మర్నాడు తనే ఒప్పుకున్నాడు. "భోజనం పెట్టాను కదయ్యా, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు. బ్రిడ్జ్‌టౌన్ చేరిన వారానికి పచ్చజ్వరంతో పోయాడు. తిట్టడానికి కూడా నాకు మిగల్లేదు.

జీవితమంతా లోకం చుట్టివచ్చే ఓడలెక్కి, ఒక్కదానిలోనూ ఎక్కడికీ వెళ్ళనివాణ్ణి, వెళ్ళిన ఒక్కసారి బందీగా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి జులై. నేను లేనప్పుడు నా భార్య కెజయాకు ఆడపిల్ల పుట్టింది. థిర్జా అని పేరు పెట్టింది. పందొమ్మిది రోజులు బతికింది. నేను మొయ్యాల్సిన ఆ చిన్న పెట్టెను ఏమస్ చేతుల మీద మోసుకెళ్ళాడు.

నా భార్యకు నిజం చెప్పాను. ఆమె తలుపు వేసి వచ్చింది. "డెక్కు వదిలి తిన్నావని తెలిస్తే రేపే నీ లైసెన్సు లాక్కుంటారు. తరవాత ఏం తింటాం, ఒడ్డున ఉన్న బురదా? ఏమస్‌కి పెళ్ళాం పిల్లలు లేరు. వాడు తట్టుకుంటాడు" అంది. సొంత తమ్ముడి గురించి అంది. ఆమెను నేను నిందించను. అప్పటికి ఆమె పాలు ఇంకా ఇంకిపోలేదు.

ఆ సాయంత్రం సత్రంలో అందరి ముందూ ఏమస్ కాళ్ళ దగ్గర ఉమ్మేశాను. "నన్ను సముద్రానికి వదిలేసి వచ్చావు కదరా" అన్నాను.

"జెండా దించి ఉంది బావా" అన్నాడు.

"జెండా పైనే ఉంది" అన్నాను.

అది అబద్ధం. దాన్ని ఇక్కడ, నా చేత్తో, సాక్షుల ఎదుట వెనక్కు తీసుకుంటున్నాను. జెండా దించి ఉంది. ఏమస్ పడ్డీ మన కట్టుబాటు ప్రకారం చేయవలసిందే చేశాడు.

ఐదు. నా మాట వల్ల ఏమస్ ఎన్నడూ పైలటు కాలేదు. తరవాత పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు ఎలై పుట్టాడు, ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఈ నీళ్ళలో ప్రతి ఇసుకతిప్పా తెలిసినవాడు. నిరుడు పైలటు పరీక్షకు వెళితే, లైసెన్సు ఇచ్చే పెద్దలు ఒక్క ప్రశ్నా అడగలేదట. "నీ నాన్న పైలటుని వదిలేశాడు. నువ్వు ఓడని వదిలేయవని ఏమిటి నమ్మకం?" అని నవ్వి పంపేశారట. డిసెంబరు రెండు, మంగళవారం మళ్ళీ పిలిచారు. ఈసారి కాదంటే ఇక పిలుపు ఉండదు.

కనుక గేజ్ ఆ ఉదయం ఈ కాగితం సీలు తెంచి, ఆ పెద్దల ఎదుట నాలుగో భాగం బిగ్గరగా చదవాలి. నేను బతికున్నా సరే. బతికున్నవాడి వీలునామా చెల్లదని గేజ్ అంటాడు. ఆస్తుల విషయంలో చెల్లదేమో. ఆ పైన వాళ్ళు నన్నేం చేసుకున్నా చేసుకోవచ్చు, నేనైతే మెట్లు దిగి పారిపోలేను.

ఆరు. నా తెరచాప పడవ, సామాను సమేతంగా, ఏమస్ పడ్డీకి. పుట్టబోయే నా బిడ్డ కోసం బార్బడోస్‌లో కొన్న గులాబిరంగు శంఖం, ఎలై భార్య కడుపులో ఉన్న బిడ్డకు. చెవి దగ్గర పెడితే సముద్రం వినిపిస్తుందని చెప్పకండి. బిడ్డను మోసం చేయడం అంత తొందరగా మొదలుపెట్టనక్కర్లేదు.

ఏడు. సత్రంలో ఆ మాట అన్నాక ఏమస్ నన్ను చూశాడు. అతనికి కళ్ళున్నాయి. తాను చూసింది ఏమిటో అతనికి తెలుసు, నేను అబద్ధమాడుతున్నాననీ తెలుసు. చేతిలో గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. రావద్దని కోరుకున్నాను. సోమవారం పోటు వేళకు పడవ దగ్గర ఉన్నాడు.

ఆ తరవాత ఇరవై ఏడేళ్ళు, నలభై అడుగుల పడవలో, నేను అతనితో మాట్లాడలేదు. నాతో మాట్లాడొద్దన్నాను కనుక అతను సామానుతో మాట్లాడేవాడు. "ఏమమ్మా కెటిలూ, టీ అయిందని బావకి చెప్పు." "చుక్కానీ, గాలి మారుతోంది, బావ చూశాడో లేదో కనుక్కో." నవ్వు ఆపుకోవడానికి ఒకసారి బుగ్గ కొరుక్కుంటే రక్తం వచ్చింది. పోయిన నెల ఈ గదికి వచ్చి కూర్చున్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచి, ఆటు ఎప్పుడని పక్కనే ఉన్న గేజ్‌ని అడిగాను. ఏమస్ మంచంకోడుతో అన్నాడు: "మా ఎలై పరీక్ష రెండో తారీఖున. బావకి చెప్పు, వాడి కోసం తొందరపడి ఏమీ చెప్పనక్కర్లేదని."

అతను ఆ రోజు సత్రంలో నన్ను కొట్టి ఉంటే, పళ్ళు ఊడిన నోటితో నిజం చెప్పేవాణ్ణి. కార్డిఫ్ పడవల్లో పనికి వెళ్ళిపోయి ఉంటే, మనిషిని మరిచిపోయేవాణ్ణి. రెండూ చేయలేదు. నన్ను నా అబద్ధంతో కలిపి ఒకే పడవలో పెట్టి, ప్రతి ఉదయం తాడు విప్పి, టీ కాచి ఇచ్చాడు. డన్నింగ్ నన్ను అయిదు నెలలే బంధించాడు. కెజయాకు తన కారణం ఉంది. నా తప్పు నేను పైన రాశాను, దాని లెక్క వేరు. కానీ నాకు బయటికి దారి లేకుండా చేసింది ఒక్కడు. చచ్చేవరకూ, ఈ సంతకం చేస్తూ కూడా, నేను తప్పుపట్టేది అతన్నే: ఏమస్ పడ్డీని.

పద్ధెనిమిది వందల తొంభై, నవంబరు పందొమ్మిది, బుధవారం, పిల్ గ్రామంలో, పోటు తిరిగే వేళ, నా చేవ్రాలు:

జోథమ్ వౌల్స్

ఆయన మా ఎదుట, మేము ఒకరి ఎదుట ఒకరం సంతకాలు చేశాము. ఇందులో మాకేమీ రాలేదు:

హెప్జిబా కోల్స్, రొట్టెల దుకాణం
నథానియెల్ బేర్, లంగరు గొలుసులు చేసే కమ్మరి