నువ్వు రాసిన సిస్టమ్ కాల్స్ జాబితా

సుధాకరన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రేణిగుంటలో మన ఆఫీసుకి, సర్వర్ల భద్రత పరీక్షించడానికి పిలిపించిన అతను వచ్చాడు. కస్టమర్‌లాగే మన సర్వర్ మీద ఒక వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం పట్టుకుని, అందులోకి దూరి, అక్కడి నుంచి సర్వర్ మీద ఇంకో ప్రోగ్రామ్ నడపబోయాడు. అది నడిచి ఉంటే మిగతా కస్టమర్ల ఫైళ్లు అతని చేతికి చిక్కేవి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ సర్వర్‌ని ఏమేం అడగొచ్చో నువ్వు రాసిపెట్టిన సిస్టమ్ కాల్స్ జాబితాలో, ఇంకో ప్రోగ్రామ్ మొదలుపెట్టే కాల్ లేదు. సర్వర్‌ని నడిపే కర్నెల్ అక్కడికక్కడే దాన్ని ఆపేసింది.

"ఈ జాబితా పెడితే పనులు ఆగిపోతాయని ఆయనతో ఎంత కొట్లాడినానో," అన్నాడు మన మేనేజర్. "ఆయన ఉన్నప్పుడే పెట్టుండాల్సిందమ్మా."

నువ్వు పోయిన నెల రోజులకు ఆ జాబితాను అమల్లో పెట్టింది నేనే. ఇవాళ్టి పరీక్ష రిపోర్టులో, ఆ జాబితాకు బాధ్యులు అన్నచోట నీ పేరు రాశాను.

"లేనోళ్ల పేరు ఎట్లా రాస్తావు? రేపు ఏదన్నా ఆగిపోతే ఎవర్ని అడిగేది?" అన్నాడాయన.

నిజమే. అయినా నీ పేరు కొట్టెయ్యలేదు. దాని పక్కన నా పేరు, ఫోన్ నంబరు రాశాను.

వాణి