ఇనుము ధీరేన్‌కు, కర్ర మా ఆయనకు

సిడ్నీలో గిరావీన్ వాస్తవ్యురాలిని, రిటైరైన పళ్ళ డాక్టరుని, వేమూరి కాత్యాయని అనే నేను పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న కడపటి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు. గడ్డ ఉన్నది కడుపులో గాని బుర్రలో కాదు. అనుమానమున్నవాళ్ళు డాక్టరిచ్చిన కాగితం చూసుకోవచ్చు. ఇంగ్లీషు ప్రతి లాయరు దగ్గరుంది. అందులో నా సొంత మాటలన్నీ అతను కొట్టేశాడు, అందుకే తెలుగులో మళ్ళీ రాస్తున్నాను. నా కూతురు చైత్రకు తెలుగు వింటే అర్థమవుతుంది గాని చదవడం రాదు. పక్కింటి జ్ఞానప్రసూన గట్టిగా చదివి వినిపించాలి.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత చైత్రది. ఇంట్లో నా భర్త అచ్యుత్ గారు బతికున్నంత కాలం ఉండవచ్చు, ఆ తర్వాత అది సర్వహక్కులతో చైత్రకు చెందుతుంది. నాన్నను క్వేకర్స్ హిల్‌లో తన దగ్గరే పెట్టుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

2. ఈ క్లాజు మాత్రం నేను బతికుండగానే చదివి వినిపించాలి. నా పుస్తెలతాడు పిన్నీసుకు ఒక ఉక్కు తాళంచెవి ఉంది. గరాజు గోడకు బిగించిన సేఫ్‌ది అది. అందులో నా పిస్తోలు, దాని తుపాకీ మందు ఉన్నాయి. లైసెన్సు నా ఒక్కదాని పేరనే ఉంది, తాళంచెవి వేరే చేతికి పోకూడదు, అందుకని మెడలో వేసుకున్నాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను. కానీ మా ఇంట్లో ఆడవాళ్ళు పోతే, స్నానం చేయించే ముందు పుస్తెలతాడు తీసి భర్త చేతిలో పెట్టడం ఆనవాయితీ. మా అత్తగారికి అలాగే చేశారు. అమ్మో, అది గుర్తొచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆయన మతిమరుపు సంగతి అందరికీ తెలిసిందే. పొద్దు వాలితే చాలు, గరాజు తలుపు దగ్గర నిలబడి "దొంగలొచ్చారే, తాళంచెవి ఇటివ్వు" అంటారు. మొన్న సరుకుల సంచులతో వెనక నుంచి వచ్చిన చైత్రనే దొంగ అనుకున్నారు. ఆ వేళ ఆయన చేతిలో ఉన్నది చీపురు కాబట్టి సరిపోయింది. నేను పిస్తోలు దట్టిస్తుంటే ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూసిన మనిషి. కన్నకూతురి పేరు మరిచిపోయారు గాని మందు ఎంత పోయాలో మరిచిపోలేదు. నాకు చావంటే భయం లేదు, ఇదంటే ఉంది. కాబట్టి చైత్రా, నేను పోగానే, నా మీద ఎవరూ చెయ్యి వేయకముందే నువ్వు ఆ తాళంచెవి తీసుకుని ధీరేన్‌కు ఫోన్ చెయ్యి. ఏడుపు తర్వాత.

3. పిస్తోలు, మందు, సీసపు గుళ్ళు లైసెన్సున్న డీలరు ద్వారా ధీరేన్‌కు చెందాలి. ఇతను ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళ పిల్లవాడు, మా షూటింగ్ క్లబ్బులో నా జోడీ. ఆ పిస్తోలు గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి, ఒక్కసారికి ఒక్కటే పేల్చే పాతకాలపు సరుకు. సెకండ్ హ్యాండులో కొన్నప్పుడు గొట్టమంతా తుప్పు, పిడి అంతా పురుగు తొలిచిన కన్నాలు. "పళ్ళు పీకింది చాలక ఇదొకటా, పిట్టలదొరవైపోయావు పో!" అన్నారు మా ఆయన. నేను పళ్ళ గార గీకే పరికరాలతోనే ఆ తుప్పంతా గీకాను. "ఆంటీ, ఈ వుడ్ ఫినిష్డ్, కొత్తది చేస్తా" అని ధీరేన్ వాల్‌నట్ కర్రతో పిడి చెక్కిపెట్టాడు. క్లబ్బులో అందరూ గుండు చుట్టే గుడ్డకు ఆవు కొవ్వు రాస్తారు. నేను ముట్టనన్నాను. నెయ్యిలో తేనెమైనం కరిగించి రాశాను, బ్రహ్మాండంగా పనిచేసింది. ధీరేన్, నెయ్యి ఇంట్లో కాచిందే వాడు, డబ్బాది వద్దు.

4. మా ఆడపడుచు నీరజకు నా వెండి కుంకుమభరిణ. పేల్చిన పిస్తోలును సబ్బు, వేడినీళ్ళతో కడగాలి, కడిగితే మందులోని గంధకం కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు పట్టుకుని, మడి ఇంట్లో దొంగచాటుగా గుడ్లు వండుతున్నానని అన్నం తినకుండా లేచిపోయి, పెండిల్ హిల్ దాకా టాంటాం వేసింది ఈవిడే. ఏ వ్రతానికీ నన్ను పిలవనివ్వలేదు. మరిచిపోయానని అబద్ధమాడను. కానీ ఆ భరిణ అంటే తనకు ప్రాణం, తీసుకోనివ్వండి.

5. చైత్రకు నా బంగారం, ఆ పుస్తెలతో సహా. "మమ్, జస్ట్ సరెండర్ ఇట్, ప్లీజ్" అని, పిస్తోలు పోలీసులకిచ్చెయ్యమని నువ్వు పోరినప్పుడల్లా కసిరాను. నీ భయం తప్పు కాదు తల్లీ. నాకు చేతకాక ఆలస్యం చేశాను. ఎందుకో కింద రాస్తున్నాను.

6. మా ఆయనకు పాత పిడి, అవిసె నూనె సీసా, స్టవ్ మీద పెట్టే కెటిల్. క్లబ్బు నుంచి రాగానే నీళ్ళు కాచి, సింకు దగ్గర నిలబడి గొట్టంలోకి ధార పోసేది ఆయనే. ఎగతాళి చేస్తూనే పోసేవారు. ఇప్పుడు మనిషి కంగారుపడితే ఆ పురుగు తిన్న కర్ర చేతికిస్తాను. నూనె రాసుకుంటూ కూర్చుంటారు, మొహం తేటపడుతుంది. అలా కర్రకు అలవాటు చేసి మెల్లగా ఇనుము పంపించేద్దామనుకున్నాను. ప్రతివారం "మిగతాది ఏదే?" అని అడిగేవారు, నాకు చేతులు రాలేదు. చైత్రా, ఆ నూనె గుడ్డ ఉండ చుట్టి వదిలెయ్యకు, దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళలో తడిపి పారెయ్యి.

నేను పోయాక కూడా అడుగుతారు. తుపాకీ లేదనీ, అమ్మ లేదనీ చెప్పకు చైత్రా. చెప్పినప్పుడల్లా ఆయనకు నేను ఆ రోజే పోయినట్టు ఉంటుంది. "కాత్యాయని సింకు దగ్గర కడుగుతోంది, వేడినీళ్ళు పెట్టమంది" అను. తెలుగులో అను, ఇంగ్లీషులో అంటే నమ్మరు. కెటిల్ ఆయనే పెడతారు.

గిరావీన్, 2025 మే 17, శనివారం.

(సంతకం) వేమూరి కాత్యాయని

మా ఇద్దరి ఎదుట ఆవిడ చదువుకుని సంతకం చేశారు. సాక్షులకు ఆస్తిలో ఏమీ రాదని తెలిసే సంతకాలు పెట్టాం.

సాక్షులు:
1. జ్ఞానప్రసూన, పక్కిల్లు
2. ప్రణీల్, క్లబ్బు కార్యదర్శి