వరుసలో నీ చెప్పులు

నాయనా,

నువ్వు లేని మొదటి తొలకరి ఇది. చేను అమ్మేయమని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు తిరుగుతున్నా, ఈ ఏడూ విత్తాల్సిందే అంది అమ్మ. ఆఫీసుకు సెలవు పెట్టి, సర్జాపుర రైతు కేంద్రానికి సబ్సిడీ రాగి విత్తనాల కోసం వెళ్లాను. ఇప్పటికీ అందరూ వరుసలో తమ బదులు చెప్పులు వదిలి నీడన కూర్చుంటున్నారు. అమ్మ ఇచ్చి పంపిన నీ చెప్పులే పెట్టాను.

ఎవరో కొత్తాయన వాటిని పక్కకు తోసి మధ్యలో దూరాడు. మన పక్క చేను మునెప్ప మామ కూర్చున్నచోటి నుంచే అరిచాడు.

"ఏమప్పా, ఆడ మా నారాయణప్ప ఉండాడు, కనపళ్లేదా? యెనక్కి పో!"

ఎవరూ నవ్వలేదు. కొత్తాయన వెనక్కి పోయాడు.

నేను లేచి, నీ చెప్పుల్ని మళ్లీ వరుసలో పెట్టి, వాటి వెనక నిలబడ్డాను. వరుస కదిలినప్పుడల్లా ముందు వాటిని జరిపి, తర్వాతే నేను అడుగేశాను.