రాయి మీద తేదీ వేయలేదు

ఖరగ్‌పూర్, 12-8-1964

తమ్ముడు యాకోబుకు ఏలియా దీవెనలు. నేను చావలేదు.

ఈ లోకం వెయిటింగు రూమని పాదిరిగారు ప్రతి ఆదివారం చెబుతుంటే, సామాను ముందే సర్దుకుందామని సమాధిరాయి మీద నా పేరు చెక్కించి, సమాధుల తోటలో మా అత్తగారి పక్కన నిలబెట్టించాను. రాయి భేషైనది, అది దొరికిన కథకు ఈ కార్డులో చోటు లేదు. ఎవరి భూస్థాపనకో వెళ్లిన మన ఊరి నూకరాజు అది చూసి, ట్రాఫిక్ పేటలో ఉన్న మా రైల్వే క్వార్టరు వైపైనా తొంగిచూడకుండా, ఏడుస్తూ మెయిలెక్కేశాడు.

మీ వదినకు నువ్వు రాసిన ఓదార్పు ఉత్తరం నిన్న అందింది. రెండు వాక్యాలు ఓదార్పు, తక్కినదంతా నా వాటా కొబ్బరిచెట్లు మీరు పంచుకున్న వైనం. నలభై రోజుల ప్రార్థన దాకానైనా ఆగలేకపోయారట్రా? ఇప్పుడే రైలెక్కుతానని చొక్కా తొడుక్కుంటే మీ వదిన నవ్వింది.

"ఏటయ్యా, సమాదిరాయి సిద్దం సేసుకున్నోడివి, కొబ్బరిసెట్ల కోసం పరిగెడతావేటి?"

చొక్కా విప్పేశాను. చెట్లు మీరే ఉంచుకోండి. నూతి దగ్గరి చెట్టు కాయలు రెండు మాత్రం నూకరాజు చేతే పంపు, వాడు నన్ను కళ్లారా చూడాలి. పిన్ని మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి. రాయి మీద చావు తేదీ ఖాళీగానే ఉంది. దాన్ని ఆయన వేస్తాడు, మీరు తొందరపడకండి.